మెరుపుకు అడుగుల కొలత

*రెప్ప వేసి తెరిచేలోపు కోట్ల సంగతులు జరిగిపోతాయి. వాటిని ఒక్కొక్కటిగా ఆపి ఫొటో తీసే పని శంషాబాద్ చుట్టుపక్కల ప్రయోగశాలల్లో ఏళ్లుగా నిశ్శబ్దంగా సాగుతోంది.*

మే నెలాఖరు. సాయంత్రం ఆరు దాటింది. తుక్కుగూడ దగ్గర ఔటర్ రింగ్‌రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డు మీద బండ్లు బారులు తీరి ఆగి ఉన్నాయి. విమానాలు దిగుతుంటే చూద్దామని పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చినవాళ్లే అంతా. మక్క కంకుల బండి దగ్గర బొగ్గుల సెగ, ఉప్పూకారం అద్దిన నిమ్మచెక్క వాసన. పడమటి దిక్కున, సరిగ్గా ఎయిర్‌పోర్టు మీద, మబ్బు కారునలుపు కమ్మింది. ఉండుండి లోపల్నుంచి ఎవరో టార్చి వేసి ఆర్పినట్టు మెరుస్తోంది.

పన్నెండేళ్ల పిల్లాడు ఒకడు వాళ్ల నాన్న ఫోను అడ్డంగా పట్టుకుని మెరుపును ఫొటో తీయాలని తంటాలు పడుతున్నాడు. మెరిసినప్పుడల్లా నొక్కుతున్నాడు. నొక్కినప్పుడల్లా నల్లమబ్బే వస్తోంది. ఏడెనిమిదిసార్లు చూసిన కంకుల ముసలమ్మ ఉండబట్టలేక అంది: ‘‘మెరిసినంక ఒత్తితే ఏం దొరుకుతది బిడ్డా! ముందుగాల్నే చాలు చేసి పట్టుకో.’’

పిల్లాడు వీడియో పెట్టాడు. రెండు నిమిషాల్లో మెరుపు చిక్కింది. పక్కనే వాళ్ల నాయనమ్మ వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. తొమ్మిది దగ్గర ఉరిమింది. ‘‘ఇంకా దూరంలనే ఉంది లే’’ అని కంకి వలుచుకుంటూ కూర్చుంది. పిల్లాడి ధ్యాస ఉరుము మీద లేదు. వీడియోను ఒక్కో ఫ్రేమూ జరుపుకుంటూ చూస్తున్నాడు. ఒక ఫ్రేములో పైసగం తెల్లగా వెలిగిపోయింది, కిందిసగం చీకటి. మధ్యలో స్కేలు పెట్టి కోసినట్టు అడ్డగీత. ‘‘నాన్నా, ఫోన్ ఖరాబైందా?’’

ఫోను ఖరాబు కాలేదు. తెగినట్టు కనిపించే ఆ ఫ్రేములో ఉన్న కిటుకే ఈ కథ. ఆ కిటుకుతోనే శాస్త్రవేత్తలు నూట పాతికేళ్లుగా రెప్పపాటు కన్నా చిన్న సంగతుల్ని పట్టుకుంటున్నారు. ఆ పని చేసే ప్రయోగశాలలు ఆ పిల్లాడు నిలబడ్డ చోటికి గంట ప్రయాణంలోనే ఉన్నాయి.

గంట ప్రయాణం అన్నాను కదా. హైదరాబాద్‌లో ఎవర్ని అడిగినా ఎయిర్‌పోర్టు గంట దూరం అంటారు, ట్రాఫిక్ ఉంటే గంటన్నర అంటారు. కిలోమీటర్లు ఎవరూ చెప్పరు. వెనకటి పెద్దలూ అంతే; పక్క ఊరు ఒక చుట్ట కాల్చేంత దూరం అనేవారు. దూరాన్ని కాలంతో కొలవడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. మనం చెప్పుకోబోయే మనుషులు దాన్ని తిరగేశారు. వాళ్లు కాలాన్ని దూరంతో కొలుస్తారు. ఏ గడియారానికీ అందనంత చిన్న కాలాన్ని మిల్లీమీటర్లుగా, మైక్రాన్లుగా మార్చుకుని తాపీగా చదువుకుంటారు. నాయనమ్మ చేసింది కూడా ఆ తరహా లెక్కే. శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతుంది కాబట్టి ఆమె లెక్కపెట్టిన తొమ్మిది సెకన్లూ మూడు కిలోమీటర్లు.

ఫోను చూసింది, కన్ను చూడలేదు

నిమిషం అన్న మాట నిమేషం నుంచి వచ్చింది. నిమేషమంటే రెప్పపాటు. మన పూర్వులకు చిన్న కాలం అంటే కంటిరెప్పే గుర్తుకొచ్చింది. కానీ మెరుపు ముందు రెప్పపాటు మహా పెద్ద కాలం. మామూలు ఫోను వీడియో సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతులు 33. మెరుపులో కళ్లు జిగేలుమనిపించే అసలు ఘట్టం పదుల మైక్రోసెకన్లలో, అంటే సెకనులో పది లక్షల వంతుల లెక్కలో ముగిసిపోతుంది.

మరి ఆ పిల్లాడి ఫోనుకు ఏం చిక్కింది? ఫోను కెమెరా బొమ్మనంతా ఒకేసారి చదవదు. పుస్తకం చదివినట్టు పైవరస నుంచి కిందివరస దాకా ఒక్కో వరసే చదువుకుంటూ పోతుంది. వరసకూ వరసకూ మధ్య ఇంచుమించు పది ఇరవై మైక్రోసెకన్ల తేడా. ఈ చదువు సాగుతుండగా మెరుపు మెరిసి ఆరిపోతే, ఆ సమయానికి వెలుగును పట్టుకుంటున్న వరసలు తెల్లబడతాయి, మిగతావి చీకట్లో ఉండిపోతాయి. అందుకే ఆ కోత. ఆ గీత ఫ్రేములో ఎక్కడుందో చూసి మెరుపు ఎప్పుడు మెరిసిందో చెప్పొచ్చు. పై నుంచి కిందికి ఉన్న దూరమే ఇక్కడ గడియారం. జేబులో ఇలాంటి పరికరం పెట్టుకుని తిరుగుతున్నామని మనలో చాలామందికి తెలియదు. తెగిన ఫ్రేమును చెడిపోయిందని చెరిపేస్తాం.

పాతికేళ్లు ఎదురుచూసిన కెమెరా

ఈ కిటుకును మెరుపు మీద మొదట ప్రయోగించినవాడు ఇంగ్లండు భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ వెర్నన్ బాయ్స్. 1900లో ఆయన ఒక కెమెరా కట్టాడు. అందులో రెండు కటకాలు గిరగిరా తిరుగుతుంటాయి. మెరుపు ఒక్కసారిగా నిలువెల్లా వెలిగితే బొమ్మ మామూలుగా వస్తుంది. కింది నుంచి పైకి పాకుతూ వెలిగితే, పై భాగం వెలిగేసరికి కటకం కొంచెం పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి బొమ్మ వాలిపోతుంది. ఎంత వాలిందో కొలిస్తే మెరుపు వేగం తెలిసిపోతుంది. కెమెరా అయితే తయారైంది, మెరుపు మాత్రం ఆయన మాట వినలేదు. ఎప్పుడు, ఏ దిక్కున మెరుస్తుందో తెలియని దానికోసం బాయ్స్ కాచుకుని కూర్చున్నాడు. చెప్పుకోదగ్గ ఒక్క ఫొటో దక్కడానికి పాతికేళ్లకు పైనే పట్టింది. ముందుగాల్నే చాలు చేసి పట్టుకోవడమంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదేమో!

ఆ తరహా కెమెరాతోనే, ఉరుములకు పేరున్న దక్షిణాఫ్రికాలో, 1930లలో భౌతిక శాస్త్రవేత్త షోన్లండ్ బృందం అసలు గుట్టు విప్పింది. పిడుగు మబ్బు నుంచి ఒక్క దూకున కిందికి రాదు. మెట్లు దిగినట్టు వస్తుంది. ఒక్కో మెట్టు సుమారు 50 మీటర్లు. ఆ మెట్టు దిగడానికి ఒక మైక్రోసెకను, తర్వాత యాభై మైక్రోసెకన్ల దాకా ఆగడం, మళ్లీ ఇంకో మెట్టు. నేల దగ్గరికి వచ్చాక, కింది నుంచి ఎదురెళ్లిన చిన్న మెరుపుతీగతో కలుస్తుంది. అప్పుడు ఆ దారి వెంట వెలుగు కింది నుంచి పైకి ఎగబాకుతుంది, కాంతి వేగంలో మూడో వంతు వేగంతో. మన కళ్లు చెదిరేది ఈ వెలుగుకే. పిడుగు పడిందంటాం గానీ మనం చూసే వెలుగు నేల నుంచి ఎక్కేదే. రెండు మూడు సెంటీమీటర్ల మందం కూడా ఉండని ఆ దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీలకు కాగుతుంది. సూర్యుడి ఉపరితలం కన్నా అయిదు రెట్లు వేడి. అంత వేడికి గాలి ఒక్కసారిగా విచ్చుకుని బయటికి తోసుకొస్తుంది. అదే ఉరుము.

ఒకే మెరుపు మూడు నాలుగుసార్లు అదే దారిలో పోతుంది. నడుమ నలభై యాభై మిల్లీసెకన్ల ఎడం. మెరుపు వణికినట్టు కనిపించేది అందుకే. మన కంటికి అందే వివరం అదొక్కటే.

విమానం ఒంటి మీద చుక్కలు

సర్వీసు రోడ్డు మీద నిలబడి మబ్బులోంచి దిగే విమానాన్ని చూస్తుంటే అందరికీ వచ్చే అనుమానం ఒకటే: దానిమీద పిడుగు పడితే? పడుతూనే ఉంటుంది. ప్రయాణికుల విమానం ఒక్కోదాన్ని సగటున ఏడాదికోసారి పిడుగు తాకుతుందని విమానరంగం లెక్క. అల్యూమినియం ఒళ్లు కరెంటును చర్మం మీదుగానే తోక దాకా పంపించి వదిలేస్తుంది. కార్బన్ మిశ్రమాలతో చేసిన కొత్త విమానాలకు పైపొర కింద లోహపు జల్లెడ పరుస్తారు. లోపలున్నవారికి పెద్ద చప్పుడు, తెల్లటి వెలుగు తప్ప ఏమీ కాదు.

విమానం దిగాక ఇంజినీర్ల పని మొదలవుతుంది. శంషాబాద్‌లో ఉన్నటువంటి మరమ్మతు హ్యాంగర్లలో ముక్కు నుంచి తోక దాకా వేలితో తడిమినట్టు వెతుకుతారు. కొన్నిసార్లు విమానం పొడుగునా కాలిన చిన్న చుక్కలు వరసగా కనిపిస్తాయి. ఆ చుక్కల వెనక కథ ఇది. పిడుగు దారి గాలిలో ఉన్నచోటనే ఉంటుంది, విమానం మాత్రం ముందుకు పోతూనే ఉంటుంది. మెరుపు అర సెకను దాకా సాగితే ఆ కాసేపట్లోనే విమానం పదుల మీటర్లు జరిగిపోతుంది. పిడుగు ముక్కు దగ్గర అంటుకుని, జారి, కొంచెం వెనక అంటుకుని, మళ్లీ జారి, అలా తోక వైపు మచ్చలు పెట్టుకుంటూ పోతుంది. బాయ్స్ కెమెరాలో కటకం జరిగితే ఇక్కడ విమానం జరిగింది. ముక్కు దగ్గరి చుక్క ముందు క్షణానిది, తోక దగ్గరిది తర్వాతి క్షణానిది. అర సెకను చరిత్ర లోహం మీద మీటర్ల పొడుగున అచ్చయి ఉంటుంది. నాకు ఈ సంగతి తెలిసిన రోజు నుంచి విమానాన్ని ఎగిరే ఫిల్ము రీలుగా తప్ప చూడలేకపోతున్నాను.

> రెక్క చివర తళుకు
> రాత్రి దిగే విమానం రెక్కల చివర తళుక్కు తళుక్కుమనే తెల్లదీపం చూశారా? అలాంటి దీపాలకు చాలాకాలం పాటు ప్రాణం జినాన్ ఫ్లాష్ గొట్టమే. ఇప్పుడు ఎల్‌ఈడీలూ వచ్చాయి. ఆ ఎలక్ట్రానిక్ ఫ్లాష్‌ను 1930లలో తీర్చిదిద్దినవాడు అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎంఐటీ) ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్. తిరిగే మోటార్లు నిలబడినట్టు కనిపించాలని ఆయన ఆ దీపం చేశాడు. తర్వాత దాని వెలుగులోనే పాలచుక్క పడి కిరీటంలా లేచే ఫొటో తీశాడు. చీకటి గదిలో కెమెరా తెరిచి ఉంచి, దీపాన్ని లిప్తపాటు వెలిగించడం ఆయన పద్ధతి. కెమెరా వేగంగా ఉండక్కర్లేదు, వెలుగు పొట్టిగా ఉంటే చాలు.

గచ్చిబౌలిలో చిటికెడు పిడుగు

మెరుపు చెప్పి రాదు. మరి దాన్ని మన ఇష్టం వచ్చినప్పుడు, ఇష్టం వచ్చినచోట పుట్టించగలిగితే? హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో అదే చేస్తున్నారు. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ అండతో అక్కడ అధిక శక్తి పదార్థాల పరిశోధన కేంద్రం ఏర్పడింది. పేలుడు పదార్థాలను అర్థం చేసుకోవడం దాని పని. ప్రొఫెసర్ పి.ప్రేమ్ కిరణ్ బృందం అక్కడ లేజరుతో గాలిలో పుట్టించిన సూక్ష్మ పేలుళ్లను, వాటి నుంచి లేచే షాక్ తరంగాలను ఫొటోలు తీసి ప్రపంచ పత్రికల్లో ప్రచురించింది.

ప్రయోగం ఇలా సాగుతుంది. ఏడు నానోసెకన్ల పొడుగున్న ఆకుపచ్చ లేజర్ తునకను కటకంతో గాలిలో ఒక్క బిందువు దగ్గరికి చేరుస్తారు. ఆ బిందువులో గాలి చీలి ప్లాస్మా అవుతుంది. తెల్లటి మెరుపు చుక్క, దాంతోపాటే ‘టప్’మని చిన్న శబ్దం. ఆ మెరుపు గుండుసూది తల కన్నా కొంచెం పెద్దది. ఆ ‘టప్’ దాని ఉరుము. చిటికెడు పిడుగు, అరచేతిలో పట్టేంత.

ఆ ఉరుమును ఫొటో తీయడం ఎలా? గాలిని ఎవరూ చూడలేరు కదా! చూడగలం. మే ఎండలో రన్‌వే మీద గాలి అలలు అలలుగా ఆడటం అందరూ చూసిందే. ఏటవాలు ఎండ వంటింట్లోకి పడ్డప్పుడు, కాగిన పెనం మీది సెగ గోడ మీద సన్నటి నీడలా కదలడమూ చూసే ఉంటారు. గాలి ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా ఉంటే వెలుగు వంగి నీడ పడుతుంది. ఆ నీడనే పట్టుకుంటారు. మెరుపు చుక్కకు అడ్డంగా ఎర్రటి లేజర్ కిరణం పంపి, అవతల కెమెరా పెడతారు. కెమెరా తలుపు ఒకటిన్నర నానోసెకను పాటే తెరుచుకుంటుంది. ఆ బొమ్మలో మధ్యన ప్లాస్మా గుండె, దాని చుట్టూ పెన్సిలుతో గీసినంత సన్నటి నల్ల వలయం. ఆ వలయమే షాక్ తరంగం. పుట్టిన తొలి క్షణాల్లో దాని వేగం సెకనుకు కొన్ని కిలోమీటర్లు. కాసేపటికి అలసి మామూలు శబ్దమైపోతుంది.

> నానోసెకను అంటే స్కూలు స్కేలు
> సెకనులో వందకోట్లో వంతు నానోసెకను. ఆ కాసేపట్లో కాంతి పోయే దూరం ఇంచుమించు పిల్లల 30 సెంటీమీటర్ల స్కేలంత. అంటే దాదాపు ఒక అడుగు. ఆ కెమెరా తలుపు తెరిచి మూసేలోపు వెలుగు అడుగున్నర కదులుతుంది. నానోసెకనులో పది లక్షల వంతు ఫెమ్టోసెకను. నూరు ఫెమ్టోసెకన్లలో కాంతి 30 మైక్రాన్లు పోతుంది, తలవెంట్రుక మందంలో సగం కూడా కాదు.

ఒక్కో మెరుపుకు ఒక్క ఫొటోనే వస్తుంది. తర్వాతి మెరుపుకు కెమెరాను ఇంకాస్త ఆలస్యంగా తెరుస్తారు, ఆ తర్వాతి మెరుపుకు మరికాస్త. బడిలో ప్రార్థన వేళ ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు వరసగా నిలబడితే, ఒక్క పిల్లాడు పదేళ్లలో ఎలా పెరుగుతాడో కళ్లకు కడుతుంది కదా! ఇదీ అంతే. బొమ్మలన్నీ వేర్వేరు మెరుపులవి, కథ మాత్రం ఒకటే. అందుకు షరతు ఏమిటంటే ప్రతి మెరుపూ ముందుదానికి కవలపిల్ల కావాలి. గది వేడి రెండు డిగ్రీలు మారినా అద్దాలు కదిలి కిరణం పక్కకు పోతుంది, రోజంతా పడ్డ కష్టం బూడిదవుతుంది. ఇలాంటి ప్రయోగశాలల్లో పీహెచ్‌డీ విద్యార్థుల యౌవనమంతా అద్దాల మరలను వెంట్రుకవాసి తిప్పడంలోనే గడిచిపోతుంది. బయటి ప్రపంచానికి చేరేది చివర్లో నాలుగు బొమ్మలు. ఆ బొమ్మల వెనకున్న చేతులకు దక్కాల్సిన గౌరవం దక్కడం లేదని నా బాధ.

ఈ నీడల విద్య కొత్తది కాదు. 1880ల్లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్, తన సహచరుడు సాల్షర్‌తో కలిసి, దూసుకెళ్లే తుపాకీ గుండు ముందు విల్లులా వంగిన షాక్ తరంగాన్ని ఇలాగే నిప్పురవ్వ వెలుగులో బొమ్మ కట్టించాడు. విమానాలు, క్షిపణుల వేగాన్ని ‘మాక్’లలో చెప్పేది ఆయన పేరు మీదనే. వలయం ఎంత సేపటికి ఎంత పెరిగిందో తెలిస్తే పేలుడు శక్తిని లెక్కగట్టొచ్చు. బ్రిటిష్ శాస్త్రవేత్త జి.ఐ.టేలర్ 1945 నాటి తొలి అణుపరీక్ష ఫొటోలను, వాటిమీదున్న సమయాలను చూసే ఆ బాంబు శక్తిని అంచనా వేశాడు. ఎడారిలో పేలిన అణుబాంబుకూ గచ్చిబౌలి గదిలో ‘టప్’మన్న చుక్కకూ వాడేది ఒకే సూత్రం.

గోకుల్ చాట్, లుంబినీ పార్క్, దిల్‌సుఖ్‌నగర్ పేర్లు మరిచిపోలేని ఊరు మనది. 2007 ఆగస్టు, 2013 ఫిబ్రవరి బాంబు పేలుళ్లు మన ఇళ్లలో పెట్టిపోయిన దుఃఖం ఇంకా ఆరలేదు. అదే విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎస్.వేణుగోపాలరావు బృందం పేలుడు పదార్థాల ఆనవాళ్లను ఫెమ్టోసెకను లేజరుతో పసిగట్టే పనిలో ఏళ్లుగా ఉంది. అనుమానమున్న మరక మీద లేజరు తాకిస్తే చిన్న మెరుపు లేస్తుంది. ఆ వెలుగులోని రంగుల్లో కార్బన్, నైట్రోజన్ లాంటివి తమ సంతకాలు వదిలిపెడతాయి. తొలి క్షణాల్లో అంతా తెల్లటి గుడ్డివెలుగే. కొన్ని వందల నానోసెకన్లు ఓపికపట్టి తలుపు తెరిస్తేనే సంతకాలు కనిపిస్తాయి. ఎయిర్‌పోర్టు భద్రత తనిఖీలో బ్యాగు మీద గుడ్డముక్క రుద్ది పరీక్షించడం మీరు చూసే ఉంటారు. అలా వస్తువు దగ్గరికి మనిషి పోకుండానే, కొన్ని మీటర్ల దూరం నుంచే చెప్పేయాలన్నది ఈ పరిశోధన గురి.

మెహిదీపట్నం నుంచి రెండు కార్లు

నానోసెకను దాకా ఎలక్ట్రానిక్ తలుపులు పనిచేస్తాయి. అంతకన్నా చిన్న కాలానికి ఏ తలుపూ చాలదు. అక్కడ మళ్లీ దూరమే దిక్కు. ఒక పోలిక చెబుతాను. మెహిదీపట్నంలో రెండు కార్లు ఒకేసారి బయల్దేరాయి. ఒకటి పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా నేరుగా శంషాబాద్ వచ్చింది. రెండోది గచ్చిబౌలి పోయి, ఔటర్ ఎక్కి చుట్టూ తిరిగి వచ్చింది. ఎంత ఆలస్యంగా వచ్చిందన్నది ఎంత చుట్టు తిరిగిందన్న దాన్నిబట్టే ఉంటుంది. ప్రయోగశాలలో ఒకే లేజర్ తునకను రెండుగా చీలుస్తారు. నేరుగా వచ్చినది పదార్థాన్ని తట్టి లేపుతుంది. చుట్టు తిరిగొచ్చినది అప్పటికి ఏం జరిగిందో చూసి చెబుతుంది. చుట్టుదారిలోని అద్దాన్ని 15 మైక్రాన్లు వెనక్కి జరిపితే రానూ పోనూ 30 మైక్రాన్లు, అంటే నూరు ఫెమ్టోసెకన్ల ఆలస్యం. గడియారమే లేదు, జరిగే అద్దం తప్ప.

ఈ పద్ధతిలోనే అహ్మద్ జెవైల్ అణువుల మధ్య బంధం తెగడాన్ని చూశాడు. ఈజిప్టులో పుట్టి అమెరికాలో పనిచేసిన ఆయనకు 1999లో రసాయన నోబెల్ వచ్చింది. ఫెమ్టోసెకనులో వెయ్యో వంతైన అట్టోసెకను దాకా కాంతి తునకలను కుదించిన అగొస్తీని, క్రౌజ్, ల్విలియేలకు 2023 భౌతిక నోబెల్ దక్కింది.

మన గోపన్‌పల్లిలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ హైదరాబాద్ ప్రాంగణంలోనూ రెండు తునకల ఆట నడిచింది. 15 మైక్రాన్ల మిథనాల్ బొట్టు మీద మొదటి తునక వేస్తే బొట్టు గుంటపడి రూపు మారుతుంది. సరైన క్షణం చూసి రెండోది వేస్తే ఆ గుంట నుంచి ఎలక్ట్రాన్లు చిమ్ముకొస్తాయి. మామూలుగా కావాల్సిన దానికన్నా వంద రెట్లు తక్కువ తీవ్రత ఉన్న లేజరుతోనే పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి సాధించారు. పెద్ద యంత్రాలు అక్కర్లేని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినులకు, ఎక్స్‌రే వనరులకు ఇది దారి చూపొచ్చు. అదే సంస్థ ముంబయి ప్రాంగణంలో ఇలాంటి లేజర్ ప్లాస్మాల లోపల అయస్కాంత క్షేత్రాలు సుడులు తిరగడాన్ని పట్టుకున్న ప్రొఫెసర్ గట్టంరాజు రవీంద్ర కుమార్ 2015లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు.

బాలాపూర్ గుంటలు, కంటి పొర

చూడటానికి పనికొచ్చిన ఈ పొట్టి వెలుగే చెక్కడానికీ పనికొచ్చింది. ఎయిర్‌పోర్టుకు అటువైపు, పహాడీ షరీఫ్ దాటితే బాలాపూర్. వినాయకుడి లడ్డూ వేలంపాటతో ఊరందరికీ తెలిసిన పేరు. అక్కడే పౌడర్ మెటలర్జీ, కొత్త పదార్థాల అంతర్జాతీయ ఆధునిక పరిశోధన కేంద్రం, ఏఆర్‌సీఐ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు నూరు ఫెమ్టోసెకన్ల లేజరుతో ఇంజిన్ పిస్టన్ రింగులు, సిలిండర్ లైనర్ల మీద కంటికి కనిపించని గుంటలు చెక్కారు. లోతు 5 నుంచి 10 మైక్రాన్లు, వెడల్పు 10 నుంచి 20. ఆ గుంటల్లో ఆయిలు నిలిచి రాపిడి తగ్గింది. ఇంజిన్ పరీక్షలో ల్యూబ్ ఆయిల్ వాడకం 16 శాతం తగ్గిందని తేల్చారు.

పొట్టి తునకే ఎందుకు? లోహాన్ని తాకిన వెలుగు ముందు ఎలక్ట్రాన్లను వేడెక్కిస్తుంది. ఆ వేడి చుట్టూ పాకడానికి కొన్ని వేల ఫెమ్టోసెకన్లు కావాలి. అది పాకేలోపే తునక పని ముగించుకుంటుంది. అందుకే గుంట అంచు కరిగి మొద్దుబారదు.

కన్నూ అంతే. పెళ్లిచూపులకు ముందు కళ్లజోడు వదిలించుకుందామని లేసిక్ చేయించుకునే యువత హైదరాబాద్ కంటి ఆసుపత్రుల్లో కనిపిస్తూనే ఉంటారు. నల్లగుడ్డు మీది పొరను బ్లేడు లేకుండా కోసే ఫెమ్టోసెకను లేజరు ఓ ప్రమాదం నుంచి పుట్టింది. 1990ల తొలినాళ్లలో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో, జెరార్డ్ మూరు లేజర్ ప్రయోగశాలలో, ఒక పరిశోధక విద్యార్థి కంట్లో కిరణం పడింది. పరీక్షించిన వైద్యుడు మచ్చ అంచులు అంత శుభ్రంగా ఉండటం చూసి ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యమే శస్త్రచికిత్స అయింది. మూరు, ఆయన విద్యార్థిని డోనా స్ట్రిక్లాండ్ 1985లో కనిపెట్టిన పద్ధతే ఇలాంటి శక్తిమంతమైన పొట్టి తునకల లేజర్లకు మూలం. తునకను ముందు సాగదీసి, బలం పెంచి, మళ్లీ కుదించడం. దానికే 2018 నోబెల్.

> సెకనుకు ఎన్ని ఫ్రేములు?
> 2011: ఎంఐటీలోని బృందం, నాసిక్‌లో పుట్టిన రమేశ్ రస్కర్ నాయకత్వంలో, సీసాలోంచి వెలుగు తునక నడిచిపోవడాన్ని సెకనుకు లక్ష కోట్ల ఫ్రేముల లెక్కన చూపించింది. అదే దృశ్యాన్ని మళ్లీ మళ్లీ జరిపించి కూర్చిన సినిమా అది.
> 2014: లిహాంగ్ వాంగ్ బృందం ఒక్కసారే జరిగే దృశ్యాన్ని సెకనుకు 10,000 కోట్ల ఫ్రేములతో పట్టింది. 2018లో 10 లక్షల కోట్లు, 2020లో 70 లక్షల కోట్లు.
> 2024: కెనడాలో జిన్‌యాంగ్ లియాంగ్ బృందం 156.3 లక్షల కోట్లు. ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య కాంతి కదిలేది రెండు మైక్రాన్ల లోపే.

వాంగ్ దారి ముఖ్యమైంది ఎందుకంటే లోకంలో చాలా సంగతులు రెండోసారి అచ్చంగా జరగవు. ఆకాశంలో మెరుపు అంతే, పగిలే గాజు అంతే. ఆయన కెమెరా బొమ్మను చుక్కచుక్కల తెరలోంచి పంపి, కాలాన్ని బట్టి పక్కకు జరుపుతూ అన్నిటినీ ఒకే పలక మీద పోగేస్తుంది. తర్వాత కంప్యూటరు చిక్కు విప్పుతుంది. మూలంలో బాయ్స్ తిరిగే కటకమే, ఆ పిల్లాడి తెగిన ఫ్రేమే.

ప్రాణాలు కాపాడే మైక్రోసెకను

ఇదంతా శాస్త్రవేత్తల ముచ్చట అనుకోవద్దు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలో 2022లో పిడుగుపాటుకు దేశంలో 2,887 మంది చనిపోయారు. ఎక్కువగా పొలాల్లో పనిచేసేవాళ్లు, పశువులు కాసేవాళ్లు, వాన వస్తే చెట్టు కిందికి పరుగెత్తేవాళ్లు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. ఎలా లెక్కపెట్టారు? ప్రతి మెరుపూ రేడియో తరంగాన్ని వదులుతుంది. వేర్వేరు ఊళ్లలోని సెన్సర్లకు అది వేర్వేరు క్షణాల్లో చేరుతుంది. ఆ తేడాను బట్టి పిడుగు ఎక్కడ పడిందో చెబుతారు. ఒక్క మైక్రోసెకను తప్పితే చోటు 300 మీటర్లు తప్పుతుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తెచ్చిన ‘దామిని’ యాప్ హెచ్చరిక వెనకున్నది నాయనమ్మ వేళ్ల మీద చేసిన లెక్కే. శబ్దానికి బదులు రేడియో, సెకన్లకు బదులు మైక్రోసెకన్లు.

మన ప్రయోగశాలల్లోని ఈ తరహా లేజర్లు, వేగపు కెమెరాలు చాలావరకు విదేశాల నుంచి కొన్నవే. ఒకటి మొరాయిస్తే విడిభాగం వచ్చేదాకా నెలలు ఎదురుచూడాలి. ఆ నెలలన్నీ విద్యార్థుల పీహెచ్‌డీ కాలంలోంచే పోతాయి. విమాన భాగాలు, క్షిపణి భాగాలు చేసిపెట్టగల ఊరు ఈ పరికరాల్నీ చేయగలదు. అందుకు డబ్బు, ఓపిక రెండూ పెట్టాలి.

ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం. ఆ సందర్భంగా పరిశోధన సంస్థలు స్కూళ్లకు తలుపులు తెరుస్తుంటాయి. టీచర్లు ముందే కనుక్కుని పిల్లల్ని తీసుకెళ్లాలి. గాలిలో ‘టప్’మనే చుక్కను ఒక్కసారి దగ్గర నుంచి చూసిన పిల్లలు దాన్ని మరిచిపోరు.

ఈలోగా వానాకాలం వచ్చేస్తుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్ఫై లెక్కపెట్టేలోపే ఉరిమితే లోపలికి వెళ్లిపోండి; తొమ్మిది దగ్గర ఉరిమినా కూర్చున్న నాయనమ్మలా ఉండొద్దు. ఆఖరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావొద్దు. చెట్టు కింద అసలే నిలబడొద్దు. మీ పిల్లలు మెరుపును తీస్తామంటే ఆపకండి. గదిలోంచో, అద్దాలెత్తిన కారులోంచో తీయనివ్వండి. వీడియో ముందుగానే పెట్టి ఉంచమనండి. తర్వాత ఒక్కో ఫ్రేమూ జరిపి చూడమనండి. సగం తెగిన ఫ్రేము దొరికితే మాత్రం, దాన్ని చెరిపేయనివ్వకండి.